ఎడమ పలకలో నాలుగు బెజ్జాలు

పోయిన సోమవారం మా కారం మిల్లుకు కొత్త యంత్రం వచ్చింది. ఎండుమిరపకాయల తొడిమలు తీసే యంత్రం. మిల్లులో యంత్రాల బాగోగులు చూసేది నేనే కాబట్టి దగ్గరుండి పెట్టె విప్పించాను. కాగితం మీద నలభై ఒక్క భాగాలు రాసి ఉన్నాయి. ఒక్కొక్కటే చూసి టిక్కు పెట్టాను. అన్నీ ఉన్నాయి. ఎక్కడా గీత పడలేదు, సొట్ట పడలేదు. సంతకం చేసి కాగితం ఇచ్చేశాక, జాబితాలో లేనిదాన్ని ఒకదాన్ని వెతికాను. ఎడమ పక్క పలక మీద, కింది మూలకు దగ్గరగా నాలుగు బెజ్జాలు ఉండాలి. మూడు గుండ్రంగా, నాలుగోది గుడ్డు ఆకారంలో. ఇంతకుముందు వచ్చిన యంత్రాలన్నిటికీ ఉన్నాయి. దీనికి లేవు. పలక పళ్లెంలా నున్నగా ఉంది.

ఆ బెజ్జాలు ఎందుకు ఉండేవో తెలిసినవాళ్లం ఇద్దరమే. రెండోవారు నిరుడు వానాకాలంలో పోయారు.

ఆయన పేరు రాయను. తన పేరు ఆయనే ఎక్కడా రాసుకోలేదు. షెడ్డుకు బోర్డు లేదు, చేసిన పని మీద ముద్ర లేదు. గుంటూరులో ఆ వీధి వాళ్లంతా లేతు మేస్త్రి అనేవారు. నేను బాబాయ్ అనేవాణ్ణి. అదీ రెండో నెల నుంచి. మొదట్లో సార్ అని పిలిస్తే చేతిలో పని ఆపకుండానే, "సార్లు ఉండే బడి అటు పక్కనబ్బాయ్, ఇక్కడ ఉండేది ఇనుము" అన్నారు.

అప్పుడు నేను ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ పైన గది. ప్రాజెక్టు కోసం స్థానికంగా తయారైన ఏదైనా యంత్రాన్ని కొలిచి, గీసి, లెక్కలు కట్టి చూపించాలి. ఎవరో ఆయన షెడ్డు గురించి చెప్పారు. మిరపకాయల తొడిమ తీసే యంత్రం ఒకటి సగం చేసి పెట్టుకున్నాడని, ఆరేళ్లుగా దాన్నే పట్టుకు వేలాడుతున్నాడని. నేను వెర్నియర్ కాలిపరు, ఉక్కు స్కేలు, ఇరవై మూడు ప్రశ్నలు రాసిన కాగితం తీసుకుని వెళ్లాను.

"అన్నీ ఒకేసారి చదువు" అన్నారు.

చదివాను. డ్రమ్ము వేగం ఎంత, బ్లేడు కోణం ఎంత, గంటకు ఎన్ని కిలోలు, విరిగే కాయ ఎంత శాతం. ఆయన లేతు ఆపి, నూనె చేతులు గుడ్డపీలికతో తుడుచుకుంటూ చివరిదాకా విన్నారు.

"టీ తాగుతావా అనేది రాసుకోలేదే. అది నేను అడుగుతున్నా. తాగుతావా?"

ఆ రోజు ఆ ఒక్క ప్రశ్నకే జవాబు దొరికింది.

మిగతా ఇరవై మూడింటికీ జవాబులు ఆయన చొక్కా జేబులో ఉండేవి. నిజంగానే జేబులో. ఆ జేబులో పెన్ను ఉండేది కాదు, ఫోను ఉండేది కాదు. ఐదారు ఎండుమిరపకాయలు ఉండేవి. పొడుగుది, పొట్టిది, ముడతలు పడ్డది, తొడిమ వంకరగా ఉన్నది. బ్లేడుకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎంత ఉండాలని అడిగితే, జేబులోంచి కాయ తీసి తొడిమను ఆ సందులో పెట్టి, చెవి దగ్గరగా ఆనించి, డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పేవారు. 'టిక్' మని తెగాలి. 'చర్' మంటే కాయ చీలినట్టు. ఏ చప్పుడూ లేకపోతే తొడిమ జారిపోయినట్టు. "ఇదీ నా గేజి" అనేవారు. నేను అదే సందును సన్నటి రేకులుండే ఫీలర్ గేజితో కొలిచి రాసుకునేవాణ్ణి. తేజ రకానికి ఒక కొలత, లావు కాయకు ఇంకో కొలత, మంచు తగిలి మెత్తబడిన కాయకు మరొకటి. ఆయన చెవి, నా గేజి ఎప్పుడూ ఒకటే చెప్పేవి. నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఆయనకు ఉండేది కాదు. రోజంతా ఆ జేబు ముక్కు కిందే ఉన్నా ఆయనకు తుమ్ము వచ్చేది కాదు. నాకు వచ్చేది, వరసగా మూడు. మూడోదాని తర్వాత, "అయిపోయినయ్యా? ఇక రాసుకో" అనేవారు.

షెడ్డులో తలుపుకు ఎదురుగా ఉన్న గోడకు ఒక వరసలో మేకులు కొట్టి ఉండేవి. పదిహేడు. ఒక్కో మేకుకు ఒక్కో ఇనుప ముక్క. అవన్నీ ఆయన ఆ షెడ్డులో చేసి అమ్మిన సామాన్ల నమూనాలు. బావి మోటారు బుష్షు, ఆయిల్ ఇంజను పిన్ను, పొగాకు బ్యారన్ తలుపు గడియ, పత్తి జిన్నింగు రోలరు చివర ఉండే బేరింగు గిన్నె, మందు కొట్టే స్ప్రేయరు ముక్కు. కొన్ని ముక్కలు మనవైపు తిరిగి ఉండేవి, కొన్ని గోడవైపు. ఏదో అడ్డదిడ్డంగా తగిలించారనుకుని, ఒకరోజు ఆయన బయటికి వెళ్లినప్పుడు అన్నిటినీ ఒకే వైపుకు సర్దాను. వచ్చి చూశారు. ఒక్కొక్కటే మళ్లీ తిప్పుకుంటూ పోయారు. పదకొండు ముక్కలు గోడవైపు, ఆరు మనవైపు.

"ఇవి ఇక నేను చెయ్యను" అన్నారు, గోడవైపు తిరిగినవాటిని చూపిస్తూ.

"ఎందుకు బాబాయ్?"

"బజార్లో పొట్లం కట్టి దొరుకుతుంటే నా దగ్గరికెవడొస్తాడు? స్ప్రేయరు ముక్కు నేను లేతు మీద తిప్పాలంటే పూట పడుద్ది. ఆ పూటలో అవతలోళ్లకి డబ్బా నిండుద్ది. ప్లాస్టిక్కుది. రెండు నెలల్లో పగిలిద్ది, మళ్లా కొంటారు."

"మరి తీసెయ్యొచ్చుగా గోడ మీదనుంచి."

"తీసేస్తే మేకు ఖాళీగా కనపడుద్ది."

ఆయన తిట్టగా నేను వినలేదు. పొట్లంలో వచ్చే సరుకును కూడా తిట్టేవారు కాదు. ఎవరైనా ఒకటి తెచ్చి చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని, మరలు వేలితో తడిమి, బాగుంటే బాగుందనేవారు. ఆ తర్వాత లేచి వెళ్లి గోడ మీద ఒక ముక్కను తిప్పేవారు.

తొడిమ యంత్రం ఆయనకు పద్దెనిమిదో మేకు. ఆ వరసకు కాస్త అవతల, మేకు ముందే కొట్టి ఉంచారు.

ఇంకో అలవాటు చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన తప్పు దానిలోంచే వచ్చింది. ఆయన కాగితం మీద గీసేవారు కాదు. కొత్త భాగం ఏదైనా చేయాలంటే షెడ్డు నేల కడిగి, ఆరాక, సుద్దముక్కతో అసలు సైజులో నేల మీద గీసేవారు. వంగి, మోకాళ్ల మీద పాకుతూ, పురికొసతో వృత్తాలు వేసేవారు. ఆ గీత మీదే ఇనుమును పెట్టి సరిచూసుకునేవారు. ముక్క సరిపోయిందనిపించిన వెంటనే తడి గోనెసంచితో గీతంతా తుడిచేసేవారు. ఒక్క గీత మిగలనిచ్చేవారు కాదు. మొదటిసారి అది చూసి నేను నిజంగా కంగారు పడ్డాను.

"మళ్లీ చెయ్యాలంటే ఎట్లా బాబాయ్?"

"మళ్లీ గీస్తా."

"అదే కొలతతో వస్తుందా?"

"మళ్లీ వచ్చే కాయ అదే కొలతలో ఉంటదా?"

నాకు నేర్పినదంతా దీనికి వ్యతిరేకం. గీత లేనిదే యంత్రం లేదని, కొలత రాయనిది కొలత కాదని నాలుగేళ్లు చెప్పారు. ఆయన చేసిన యంత్రం ఒక్కటే ఉంది. అలాంటివి పది కావాలంటే బొమ్మ కావాలి. ఆ మాట ఆయనకు రోజూ చెప్పేవాణ్ణి. ఒకరోజు విసిగి, "గీసుకో పో" అన్నారు. పదహారు రోజులు పట్టింది. యంత్రంలోని ప్రతి ముక్కనూ విప్పి, కొలిచి, నా ల్యాప్‌టాప్‌లో గీశాను. నాకు గుర్తున్నంతలో నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు.

ఎడమ పక్క పలక దగ్గరికి వచ్చేసరికి ఆ నాలుగు బెజ్జాలు కనిపించాయి. వాటిలో బోల్టులు లేవు. వాటికి తగులుకున్న భాగమూ లేదు.

"ఇవెందుకు బాబాయ్?"

ఆయన కింద కూర్చుని, చూపుడు వేలు గుడ్డు ఆకారపు బెజ్జంలో పెట్టారు. అప్పుడు చెప్పారు. ఆ పలక కొత్త ఇనుము కాదు. దర్శి వైపు మూతపడిన ఒక పత్తి జిన్నింగు మిల్లులో మోటారు కింద ఉండే పలక. మిల్లును పాత ఇనుప సామాను కింద అమ్మేస్తున్నప్పుడు వెళ్లి, అంత పెద్ద మిల్లులోంచి ఆ ఒక్క పలకే కొనుక్కున్నారు. కుర్రతనంలో ఆయన ఆ మిల్లులోనే ఫిట్టరు.

"సీజన్లో మోటారు కాలిపోయింది. బయట పత్తి బళ్లు మూడు వరసలు నిలబడ్డయ్యి. కొత్త మోటారు తెచ్చారు. మూడు కాళ్లు సరిపోయినయ్యి, నాలుగోది కందిబద్దంత తప్పింది. పలక విప్పి మళ్లా బెజ్జం కొట్టాలంటే రోజు పడుద్ది. ఆకురాయి తీసుకుని రెండు గంటలు అరగదీశా. బెజ్జం ఇట్టా సాగింది. మిల్లు ఆగలా. కానీ మేనేజరుండేవాడు, పోయేప్పుడల్లా దాన్ని చూసి 'మేస్త్రి గారి గుడ్డు' అనేవాడు."

నవ్వారు. తర్వాత, "వీటిని బొమ్మలో వెయ్యమాకు. వీటికి పనేం లేదు" అన్నారు.

"ఉన్నది ఉన్నట్టు వెయ్యాలి బాబాయ్."

వేశాను. మూడు గుండ్రటి బెజ్జాలు, పదమూడు మిల్లీమీటర్లు. నాలుగోది పొడవు పదిహేడు, వెడల్పు పదమూడు, అడ్డగీతకు పదకొండు డిగ్రీల వాలు. ఆకురాయి ఏ వైపు ఎక్కువ తిన్నదో కూడా వంపులో వచ్చేలా గీశాను. మా కాలేజీలో ఆ బొమ్మను చూసి మెచ్చుకున్నారు.

యంత్రాన్ని పరీక్షించి చూసుకునే రోజు వచ్చింది. మిర్చి సీజను. మూడు బస్తాల తేజ కాయలు తెప్పించి, తొడిమలు తీసే కోటమ్మను పిలిపించారు. కోటమ్మది పద్దెనిమిది మంది ఆడవాళ్ల ముఠా. మిర్చి యార్డు దగ్గర, కోల్డ్ స్టోరేజీల దగ్గర కుప్పల ముందు కూర్చుని చేత్తో తొడిమలు తీస్తారు. చేతులు మండకుండా కొబ్బరినూనె రాసుకుంటారు, అయినా మండుతాయి. ఆమె నడుముకు చీర కుచ్చిళ్లలో ఎప్పుడూ ఒక చిన్న నూనె సీసా ఉండేది. షెడ్డులోకి వచ్చి, యంత్రం చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏమయ్యా మేస్త్రీ, మా కూడు తీయటానికి ఆరేళ్లు పట్టిందా నీకు?"

"నీ చేతులు చూసుకో కోటమ్మా ఒకసారి."

"చూసుకునేదేంది? నా చేతులు మండితేనే ఇంట్లో పొయ్యి మండుద్ది. చేతులు చల్లగా ఉంటే కడుపు మండుద్ది. ఏది కావాలో నువ్వే చెప్పు."

నేను కాగితం, స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాను. ఆయన మోటారు వెయ్యలేదు. ముందు ఆమెతో మాట్లాడారు. ఆ మాటలు నా ప్రాజెక్టు రిపోర్టులో లేవు, ఉండాల్సింది. ఆయన లెక్క ఇది. ఈ యంత్రం పెద్దది కాదు, చిన్నది. పోసేవాళ్లు ఇద్దరు, ఏరేవాళ్లు నలుగురు, కాయ మారినప్పుడల్లా సందు సరిచేసేవాళ్లు ఒకరు ఉండాలి. ఒక్కో ముఠాకు ఒక్కో యంత్రం. ముఠాదే యంత్రం, వ్యాపారిది కాదు. రైతు కల్లం దగ్గరికే తోసుకుపోవచ్చు. అట్లాంటివి పది చేస్తే గుంటూరు చుట్టూ పది ముఠాలకు చాలు. అవి చెడితే బాగుచెయ్యటానికి, బ్లేడు అరిగితే మార్చటానికి ఈ షెడ్డు.

"సందు సరిచేసేదెవరు? నువ్వా?" అంది కోటమ్మ.

"నువ్వే. నీ చెవులు బాగానే ఉన్నయ్యిగా."

జేబులోంచి కాయ తీసి ఆమె చేతికిచ్చారు. ఆమె నమ్మలేదు. కానీ వంగి, తొడిమను సందులో పెట్టి, చెవి ఆనించి డ్రమ్ము తిప్పింది. రెండుసార్లు 'చర్' మంది. మూడోసారి 'టిక్' మంది. ఆమె నిటారుగా నిలబడి, ఎవరినీ చూడకుండా ఆ కాయను కొంగులో కట్టుకుంది.

మూడు బస్తాలూ ఆడించాం. విరిగిన కాయ చేత్తో తీసినప్పటికన్నా కాస్త ఎక్కువ, తొడిమ మిగిలిన కాయ కాస్త తక్కువ. పోయేముందు కోటమ్మ, "మొదటిది మా ముఠాకే. తర్వాత ఎవరికిచ్చుకుంటావో నీ ఇష్టం" అంది. ఆ సాయంత్రం ఆయన ఒక బ్లేడు ముక్కను తీసుకెళ్లి పద్దెనిమిదో మేకుకు తగిలించారు, మనవైపు తిప్పి.

పది యంత్రాలు చెయ్యడానికి కావలసిన సరుకుకు డబ్బు ఎవరిస్తారన్నదే మిగిలింది. నాకు తెలిసిన ఒక మిర్చి వ్యాపారి ఉన్నాడు, మా నాన్న కాయ అమ్మే దుకాణం అతనిది. అతనితో చెబితే చాలా ఆసక్తి చూపించాడు. "పదేంటి, యాభై చేయిద్దాం. బొమ్మ ఒకటి పంపించు బాబూ, ఎక్కడెక్కడ ఏ భాగం చౌకగా వస్తుందో కనుక్కుంటా. కూర్చేది మాత్రం మేస్త్రి గారి షెడ్డులోనే" అన్నాడు. బస్సులో ఇంటికి పోతూ ఫోన్లోంచే పంపించాను. నరసరావుపేట దాటేలోపు వెళ్లిపోయింది. బాబాయ్‌కి చెప్పలేదు. ఆర్డరు వచ్చాక చెప్పి సంతోషపెడదామనుకున్నాను.

తర్వాతి సీజనుకు ఆర్డరు రాలేదు, కంటైనరు వచ్చింది.

ఆ వ్యాపారే కబురు చేశాడు, మేస్త్రి గారికి. ఎనిమిది చైనా మిషన్లు దిగాయి, నిలబెట్టి నడిపించి పెట్టాలి, ఇక్కడ ఈ పని తెలిసినవాళ్లు మీరు తప్ప లేరు అని. అప్పటికి నేను చదువు అయిపోయి ఈ మిల్లులో చేరాను. మా మిల్లుకు కూడా అందులో రెండు కొన్నారు, కాబట్టి నన్నూ పంపారు. గోడౌన్‌లో ఎనిమిదీ వరసగా ఉన్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలు. ఆయన చేసిన దానికన్నా పెద్దవి, కానీ డ్రమ్ము అదే, పలకల అమరిక అదే. నాకు దూరం నుంచే తెలిసిపోయింది.

ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. కుడి పక్క నుంచి మొదలుపెట్టి మొదటి యంత్రం చుట్టూ నడిచారు. డ్రమ్మును వేలితో తట్టారు. వెల్డింగు గీతను గోటితో గీకారు. ఎడమ పక్కకు వచ్చి ఆగిపోయారు. కింద కూర్చున్నారు. మూడు గుండ్రటి బెజ్జాలు. నాలుగోది గుడ్డు. పదకొండు డిగ్రీల వాలుతో సహా.

చూపుడు వేలు అందులో పెట్టారు. చుట్టూ తిప్పారు.

"ఆకురాయి కాదు" అన్నారు. "లేజరు. ఎంత నున్నగా కోశారబ్బా."

వ్యాపారి దగ్గరికి వచ్చి, "చూశారా మేస్త్రి గారూ, ఫినిషింగు" అన్నాడు.

"చూశానండీ. నా తప్పు కూడా నాకన్నా బాగా చేశారు."

వ్యాపారికి అర్థం కాలేదు, నవ్వి వెళ్లిపోయాడు. ఆయన లేవకుండానే నావైపు చూశారు.

"నీ బొమ్మలో ఈ బెజ్జాలు వేశావా?"

"వేశాను బాబాయ్."

"ఆ బొమ్మ ఇతనికిచ్చావా?"

"ఇచ్చాను."

ఆయన చాలాసేపు ఆ వేలును అందులోనే ఉంచారు. నన్ను కొట్టినా బాగుండేది. తిట్టినా బాగుండేది. లేచి, మోకాళ్లకంటిన దుమ్ము దులుపుకుని, "కొలత మాత్రం బాగా తీశావు" అన్నారు.

ఆ తర్వాత చేసినదే నాకు ఎక్కువ గుర్తు. ఆ యంత్రాల్లో సందు వేరే దేశపు లావు కాయకు సరిపోయేలా పెట్టి పంపారు. మన తేజ కాయ వేస్తే సగం తొడిమలు అట్లాగే వచ్చేవి. ఆయన జేబులోంచి కాయలు తీశారు. ఒక్కో యంత్రం దగ్గర కూర్చుని, చెవి ఆనించి, ఎనిమిదింటికీ సందు సరిచేశారు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైంది. ఎనిమిదోది 'టిక్' మన్నాక, జేబులో మిగిలిన కాయలను గోడౌన్‌లో కుప్ప మీద పడేశారు. నేను చూశాను. ఖాళీ జేబును ఒకసారి బయటికి లాగి, గింజలు దులిపి, మళ్లీ లోపలికి తోశారు.

మర్నాడు షెడ్డుకు వెళ్లేసరికి పద్దెనిమిదో మేకు మీద బ్లేడు గోడవైపు తిరిగి ఉంది. ఆయన గేటు గ్రిల్లుకు చువ్వలు కోస్తున్నారు. నేను ఏదో చెప్పబోయాను. క్షమించమనో, కేసు వేద్దామనో, కొత్త డిజైను చేద్దామనో. మూడూ రాసుకుని వెళ్లాను.

"చువ్వ ఆ చివర పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. కోసేశాక, "ఇక వెళ్లు, నీకు డ్యూటీ ఉంటదిగా" అన్నారు.

కోటమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆమెకు చెప్పింది నేనే, యార్డు బయట. "ఆయన గీసిందల్లా తుడిచిపెట్టుకుంటా వచ్చాడు నాయనా, నువ్వు తుడవలా. అంతేగా?" అంది. ఈ విషయం గురించి ఇంతకన్నా కచ్చితంగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

రెండు సీజన్లు ఆ యంత్రాలకు సందు సరిచెయ్యడానికి ఆయన్ను పిలిచేవాళ్లు. మా మిల్లుకూ వచ్చేవారు. నన్ను చూసి తల ఊపేవారు. కాయలు మాత్రం జేబులో తెచ్చుకునేవారు కాదు, మా కుప్పలోంచే తీసుకునేవారు. మూడో సీజనుకు సందు దానంతటదే సరిచేసుకునే మోడల్ వచ్చింది. ఆయన్ను పిలవాల్సిన పని లేకుండా పోయింది. మా మిల్లుకు అది దిగినప్పుడు కాగితం మీద సంతకం పెట్టింది కూడా నేనే. ఆ ఏడాదే షెడ్డు ఖాళీ చేశారు. లేతును తూకానికి అమ్మేశారు. గోడ మీది పద్దెనిమిది ముక్కలూ ఒక గోనెసంచిలో వేసి, సంచిని కూడా కాటా మీదే పెట్టారని పక్క షెడ్డాయన చెప్పాడు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఒకసారి లోపలికి వెళ్లి చూశాను. మేకులు అట్లాగే ఉన్నాయి, వాటికి కవర్ల దండలు వేలాడుతున్నాయి. ఖాళీ మేకు ఒక్కటీ లేదు.

పెద్దకర్మ రోజు వెళ్లాను. కోటమ్మ కూడా వచ్చింది. అరుగు చివర కూర్చుని ఆకు ముందు పెట్టుకుని అన్నం కలుపుతూ నాకు ఒక మాట చెప్పింది. ఆయన భార్య చాలా ఏళ్ల కిందటే పోయింది. బతికుండగా ఆమెదీ తొడిమలు తీసే పనే, కోటమ్మ పక్కనే కూర్చునేది. సీజను వచ్చిందంటే ఆమె చేతులు అన్నంలో పెట్టుకోలేకపోయేది. పులుసు తగిలితే మంట. "మేస్త్రే అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టేవాడు కంచంలో. ఆమె పుల్లతో గుచ్చుకు తినేది, బజ్జీ తిన్నట్టు. మేం నవ్వేవాళ్లం." ఇన్నేళ్లలో ఆయన నాకు ఈ సంగతి చెప్పలేదు. నా ఇరవై మూడు ప్రశ్నల్లో ఈ యంత్రం ఎందుకు చేస్తున్నారు అనేది లేదు. ఇంటికి వచ్చాక ఆ కాగితం వెతికి చూశాను. నిజంగానే లేదు.

ఇప్పుడు కోటమ్మ మా మిల్లులోనే పనిచేస్తుంది. పద్దెనిమిది మంది ముఠాలో మిగిలింది నలుగురు. యంత్రంలోంచి వచ్చే కాయ బెల్టు మీద పోతుంటే, అది వదిలేసిన తొడిమలను నిలబడి ఏరతారు. చేతులు ఇప్పటికీ మండుతాయి.

సోమవారం ఆ నున్నటి పలక ముందు నిలబడి ఆలోచించాను. వాళ్లు ఎట్లా తీసేసి ఉంటారో నాకు తెలుసు. అక్కడ ఒక డిజైను ఆఫీసులో, నా వయసువాడే ఒకడు జాబితా ముందు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. భాగం పేరు, కొలత, ప్రయోజనం. నాలుగు బెజ్జాల దగ్గర ప్రయోజనం గడి ఖాళీగా కనపడి ఉంటుంది. అడిగి ఉంటాడు. ఎవరికీ తెలియదు. కొట్టేసి ఉంటాడు. సరైన పనే చేశాడు. వాడి స్థానంలో నేనున్నా అదే చేస్తాను. వెయ్యమాకు అని ఆయన అన్నప్పుడే నేను విని ఉంటే, ఆ బెజ్జాలు ఆ నాలుగేళ్లు కూడా ఉండేవి కావు. ఆయన ఈ భూమ్మీద చేసిన పనిలో గుర్తుపట్టగలిగేది అదొక్కటే. అదీ నా తప్పు వల్ల ఉండింది.

పాత యంత్రం ఉన్న చోటే కొత్తదాన్ని నిలబెట్టి బెల్టు వెయ్యబోతుంటే కోటమ్మ వాళ్లు వచ్చారు. ఆమె తన చోటికి, యంత్రానికి ఎడమ పక్కకు వెళ్లింది. నడుము దగ్గర్నుంచి నూనె సీసా తీసింది. సీసా మెడకు పురికొస కట్టి ఉంది, కొస చివర చిన్న ఇనుప కొక్కెం. వంగి, పలక మీద చెయ్యి పెట్టి తడిమింది. చూడకుండానే, అలవాటు కొద్దీ. ఇంకాస్త కిందికి తడిమింది. తర్వాత కళ్లద్దాలు సరిచేసుకుని చూసింది.

"ఇక్కడ బెజ్జం ఉండాలిగా. సీసా తగిలించుకునేదాన్ని. గుడ్డులాగా ఉండేది, కొక్కెం బాగా పట్టేది. ఏదది?"

ఆ యంత్రాల పక్కన నేను నాలుగేళ్లు నడిచాను. ఆ సీసాను ఎన్నిసార్లు చూసి ఉంటానో. అది దేనికి వేలాడుతోందో ఒక్కసారీ చూడలేదు.

"అక్కర్లేదని తీసేశారు" అన్నాను.

"ఎవరికక్కర్లేదని?"

నేను బెల్టు స్విచ్చు దగ్గరికి నడిచాను. ఆమె సీసా మూత తీసి, రెండు చేతులకూ నూనె రాసుకుంది. మళ్లీ ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, కాళ్ల దగ్గర నేల మీద పెట్టింది. బెల్టు కదిలింది.